చర్చి పన్నుకి అవునన్నాను

ఒకే వారంలో మా వారికి రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి గల్ఫ్‌లో, ఒకటి జర్మనీలో. రెండూ ఆయన ఇక్కడ చేస్తున్న పనే. విమానం కడుపు కింద పాకి, చక్రాల సందుల్లో దూరి, మరమ్మతులు చేసే పని. పదకొండేళ్ళుగా శంషాబాద్‌లో ఒకే షెడ్డులో నూనె చేతులతో బతుకుతున్న మనిషికి భగవంతుడు ఒకేసారి రెండు దారులు చూపించాడు. ఏ దారో తేల్చుకునే పని మాత్రం మాకు వదిలేశాడు. పది రోజుల్లో జవాబు చెప్పాలి.

మాకు అన్నానుగానీ, నిజానికి ఆ పని నా మీదే పడింది. ఆయన రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున్న ఏడింటికి ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంటూ, "లెక్క నువ్వే చూడవే. ఏ దేశంలో ఎంత పట్టుకుంటారో, ఎంత ఇస్తారో, నెలాఖరుకి మనకి ఏం మిగులుతుందో. నువ్వు ఏది మేలంటే అది" అన్నారు.

"ఇంత పెద్ద విషయం నా నెత్తిన పెడితే ఎలాగండీ?"

"మీ నాన్నగారు నీకు లెక్కలు ఊరికే చెప్పారా?" అని నవ్వి కాఫీ గ్లాసు అందుకున్నారు.

మా నాన్నగారు గోదావరి కాలువల మీద లాకుల దగ్గర పనిచేసేవారు. తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం. రెండు మూడేళ్ళకోసారి లాకు మారేది. క్వార్టర్సు ఎప్పుడూ ఊరికి దూరంగా, కాలువ గట్టు మీదే. బడికి వెళ్ళాలంటే గట్టు వెంట గంట నడక, వానాకాలంలో అదీ కుదరదు. అందుకని నాకు నాన్నగారే అక్షరాలు దిద్దించారు. నీటి కొలబద్ద మీది గీతలు చూపించి భిన్నాలు నేర్పారు. పదో తరగతి ఓపెన్ స్కూల్లో రాశాను, డిగ్రీ కూడా ఇంట్లో చదువుకునే పూర్తిచేశాను. ఈ వయసు దాకా నేను బెంచీ మీద కూర్చున్నది పరీక్ష హాల్లోనే. దాన్ని లోటని ఎప్పుడూ అనుకోలేదు. అంత ప్రేమగా, అంత తీరుబడిగా ఏ బడిలో మాత్రం చెబుతారు?

అందుకే మా పాపని కూడా నేనే ఇంట్లో చదివిస్తున్నాను. దానికి తొమ్మిదేళ్ళు. రోజూ తొమ్మిదింటికి కిటికీ పక్కన బల్ల దగ్గర ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం. ముందు కాగితం పైన 'శ్రీరామ' అని రాస్తాం. మా పుట్టింటి నుంచీ వచ్చిన అలవాటది. పచారీ సామాను చీటీకైనా సరే, ఆ మూడక్షరాలూ పైన ఉండాల్సిందే. తర్వాత పాఠం. ఇంటి మీదుగా విమానం దిగుతుంటే మాట వినపడదు, అది వెళ్ళిపోయేదాకా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నవ్వుకుని మళ్ళీ మొదలుపెడతాం. నేను దేవుణ్ణి పెద్దగా ఏమీ అడగను. ఆ మూడు గంటలూ ఆ బల్ల దగ్గర కూర్చునే భాగ్యం ఇంకొన్నేళ్ళు ఉంచమని మాత్రం రోజూ అడుగుతాను.

ఆ రోజు పాఠం అయ్యాక, పాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపి వెనక్కి తిప్పాను. పైన శ్రీరామ రాసి మధ్యన నిలువుగా గీత కొట్టాను. ఎడమవైపు గల్ఫ్, కుడివైపు జర్మనీ.

గల్ఫ్ వైపు మొదటి రెండు వరుసలూ ఎంత సులువో! జీతం ఇంత. పన్ను సున్నా. ఆ సున్నా చుడుతుంటే చెయ్యి హాయిగా తిరిగింది. జర్మనీ వైపు అలా కాదు. ఆదాయపు పన్ను ఒకటి. వైద్యానికి బీమా ఒకటి. వృద్ధాప్యంలో వచ్చే పెన్షన్‌కి ఒకటి. ఉద్యోగం పోతే కొన్నాళ్ళు ఇచ్చేదానికి ఒకటి. మంచాన పడితే చూసుకునే మనిషికి ఇంకొకటి. ఒక్కోటి రాస్తుంటే కాగితం కిందికి కిందికి పోతోంది.

సరిగ్గా అప్పుడే అక్క పాలు పట్టుకుని పైకొచ్చింది. అక్కంటే మా ఇంటి ఓనరు. వాళ్ళది ఈ ఊరే. మహేశ్వరం వైపు ఉన్న పొలంలో చాలావరకు ప్లాట్లయిపోగా మిగిలిన రెండెకరాల్లో టమాటా వేస్తారు, రెండు బర్రెలున్నాయి. కింద వాళ్ళు, పైన మేము. పాలు పోయడానికి ఒక్క నిమిషం చాలు, కానీ అక్క అరగంట కూర్చోకుండా ఎప్పుడూ దిగలేదు.

"ఏంది చెల్లె, క్యాలెండర్ మీద రాస్తున్నవ్? చిట్టీ గిట్ట ఏస్తున్నవా?"

సంగతి చెప్పాను. జర్మనీ వరుసలన్నీ వేలు పెట్టి చూపించాను. అక్క కళ్ళు పెద్దవి చేసింది.

"గిన్ని తీర్ల కోస్తరా? ఇచ్చినట్టె ఇచ్చి మళ్ళ గుంజుకుంటున్నరు గద! గదేం దేశం?"

"మరి వాళ్ళు ఇచ్చేవీ ఉన్నాయక్కా. ఆసుపత్రికి వెళ్తే మనం బిల్లు కట్టక్కర్లేదట. పిల్లలుంటే నెల నెలా ప్రభుత్వమే డబ్బులిస్తుందట."

"ఎందుకు?"

"ఊరికే. పిల్ల ఉన్నందుకు."

అక్క పాలచెంబు కింద పెట్టింది. "గట్లయితె ఇంక ముగ్గుర్ని కనాలె నువ్వు. తమ్ముడు గా విమానాలు బాగుజేసుడు ఎందుకు, ఇంట్లనే కూసోవచ్చు."

"అక్కా! పాప వింటోంది."

"ఇననీ. దానికి సుత ముచ్చటనే."

కాసేపు నవ్వి, తర్వాత అక్క ఏదో ఆలోచనలో పడింది. "అవు చెల్లె, మా అత్తకు నెలనెల పింఛన్ ఒస్తది. మాకు రేషన్ బియ్యం ఒస్తయ్. గవన్ని సర్కారుకు యాడికెల్లి ఒస్తున్నయ్?"

"పన్నులు కట్టేవాళ్ళ దగ్గర్నుంచే. మనం కొనే సబ్బులోంచి కూడా కొంత వెళ్తుంది. మా వారి జీతంలో పట్టుకునేదీ అందులోకే."

అంతే. అక్క లేచి పిట్టగోడ దగ్గరికి పోయి కిందికి వంగి కేకేసింది. "ఓ అత్తా! నీ పింఛన్ పైనింటి తమ్ముడే ఇస్తున్నడంట, ఇన్నవా!"

మర్నాడు పొద్దున మా వారు బండి దిగేసరికి అక్క వాళ్ళ అత్త, మేం అవ్వ అని పిలిచే ఆవిడ, గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడి ఉంది. రెండు చేతులూ ఎత్తి దీవించింది. "సల్లగుండు బిడ్డా. నీ కడుపు సల్లగుండ. ఈ నెల జర జల్ది పంపు, పోయినసారి లేటయింది."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. హెల్మెట్ చేత్తో పట్టుకుని, "అలాగే అవ్వా" అని పైకొచ్చి, "ఏమే, నేనెవరికి ఏం పంపాలి?" అని అడిగారు. చెబితే పడీ పడీ నవ్వారు. ఆ రోజు నుంచీ ఆవిడ ఆయన్ని 'పింఛన్ సారు' అనే పిలిచేది.

నవ్వులాటగానే మొదలైనా, అవ్వ చేతులెత్తి దీవించిన ఆ దృశ్యం నా మనసులో ఉండిపోయింది. జీతం చీటీలో ఆ కోత కనబడినప్పుడల్లా ఇన్నాళ్ళూ ఉసూరుమనేదాన్ని. ఆ డబ్బు ఇలా ఒక ముసలమ్మ చేతిలో మందుల చీటీ అవుతుందని, నశ్యం డబ్బా అవుతుందని ఎప్పుడూ ఊహించలేదు. మా అమ్మ పండగనాడు మొదటి విస్తరి బయటివాళ్ళకి వడ్డించేది. అలాంటిదేదో మాకు తెలియకుండానే నెలనెలా జరిగిపోతోందన్నమాట. తెలియకుండా చేయించిన వాడికి దణ్ణం పెట్టుకున్నాను.

జర్మనీలో ఉన్న ఆయన పాత స్నేహితుడొకడు ఫోనుకి ఒక లింకు పంపాడు. జీతం, పెళ్ళి, పిల్లలు, ఇలా ఒక్కొక్క గడీ నింపితే చేతికి ఎంత వస్తుందో అదే చెబుతుంది. పాప పక్కన కూర్చుని చదువుతుంటే నేను నింపాను. పెళ్ళయిందా, అవును. భార్యకి సంపాదన ఉందా, లేదు. పిల్లలు, ఒకరు. తర్వాత గడి దగ్గర ఆగాను. చర్చి పన్ను: అవును, కాదు.

చర్చి అని రాసి ఉంటే మాత్రమేం, అక్కడి వాళ్ళకి దేవుడి ఇల్లు అదే కదా. వాళ్ళ ఊళ్ళో ఉండబోతూ, దేవుడి ఇంటికి నీ వంతు ఇస్తావా అని అడిగితే కాదని ఎలా పెట్టను? చేతులు రాలేదు. అవును దగ్గర టిక్కు పెట్టాను. పాప కూడా, "అవుననే పెట్టాలమ్మా, లేకపోతే దేవుడు ఫీలవుతాడు" అంది.

వచ్చిన అంకె కుడివైపు వేశాను. ఇక రెండు వైపులా ఇంటి అద్దె, తిండి, వైద్యం అన్నీ తీసేసి చూస్తే, ఆశ్చర్యంగా రెండు దేశాలూ దాదాపు ఒకచోటికే వచ్చాయి. గల్ఫ్‌లో కోతలు లేవు కానీ వైద్య బీమా ఆయన ఒక్కరికే, నాకూ పాపకీ మేమే కొనుక్కోవాలి. అద్దె ఎక్కువ. ముసలితనానికి మనమే దాచుకోవాలి. అన్నీ పోగా గల్ఫ్ పిసరంత పైన ఉంది. అంతే, పిసరంత.

మర్నాడు అక్క ఆ కాగితం చూసి పెదవి విరిచింది. "గల్ఫ్ దిక్కు బడి ఫీజు రాయకపోతివి? మా మరిది ఆడికి పోయిండు గద, పిల్లల ఫీజులకు బయపడే పెండ్లాన్ని ఈడ్నే ఉంచిండు."

"మాకు ఫీజు ఉండదక్కా. పాపకి నేనే చెబుతాను కదా. అక్కడ ఇంట్లో చదివించుకోవచ్చట."

"మరి నీ జీతం ఎంత రాసుకున్నవ్?"

"నాకు జీతమేంటి?"

"పంతులమ్మకు జీతం లేదా? మంచి కంపెనీ దొర్కింది తమ్మునికి." నవ్వి, అంతలోనే గొంతు తగ్గించింది. "చెల్లె, మా మరిది పైసలు మంచిగనే పంపిండు. అబద్ధం ఎందుకు. గని కాలు ఇరిగిన దినం టికెట్ చేతుల పెట్టి పంపిచ్చిన్రు. ఈడ దవాఖానకు ఎంతయిందో నాకెరుక. అరెకరం పోయింది. గదొక్కటి యాది పెట్టుకో."

ఆ మాట యాది పెట్టుకున్నాను. విమానం కింద పడుకుని పనిచేసే మనిషి నా ఇంట్లోనూ ఉన్నాడు. అప్పటికే ఆయనకి నడుం నొప్పి, నిచ్చెన ఎక్కి దిగిన రోజున కూర్చోవడానికి ఇబ్బంది పడతారు. గల్ఫ్‌లో మళ్ళీ ఇదే రాత్రి డ్యూటీ. జర్మనీలో ఎక్కువగా పగటి పనే అన్నారు.

ఐదో రోజున జర్మనీ వైపు 'చదువు' అన్న వరుస నింపడానికి ఫోనులో అక్కడి బడుల సంగతి చదువుతున్నాను. బడి ఉచితం. సంతోషంగా సున్నా చుట్టాను. దాని కింద ఇంకో వాక్యం ఉంది. ప్రతి పిల్లా బడికి వెళ్ళి తీరాలి, ఇంట్లో చదివించుకుంటామంటే చట్టం ఒప్పుకోదు.

మూడుసార్లు చదివాను. వేరేచోట వెతికి చూశాను. అదే మాట. ఎదురుగా పాప బల్ల మీదికి వాలి, సున్నాతో భాగిస్తే ఏమవుతుందో తేల్చుకోలేక కాగితం మీద కాకిని గీస్తోంది. సున్నాతో భాగించకూడదని నేనింకా చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. అలా రేపటికని దాచుకున్నవి నా దగ్గర ఎన్ని ఉన్నాయో! ఆ దేశం జీతంలోంచి ఎంత పట్టుకున్నా ఇచ్చేద్దామనే అనుకున్నాను కానీ, తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటుందని అనుకోలేదు.

మా వారికి ఆ మాట చెప్పలేదు. కాగితం చూపించి, "గల్ఫే కాస్త మెరుగ్గా కనిపిస్తోందండీ" అన్నాను.

"సరే అయితే" అన్నారు. గొంతులో ఏ తేడా లేదు. కానీ జర్మనీ కబురు వచ్చినప్పటి నుంచీ రోజూ భోజనం చేస్తూ చెవిలో పెట్టుకుని వింటున్న జర్మన్ పాఠాలు ఆ పూట వినలేదు. వైరు మడిచి సొరుగులో పెట్టేశారు. అది చూసి నేను పప్పు ఇంకో గరిటె వేశాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

ఏడో రోజు శుక్రవారం. స్నానం చేసి దీపం పెట్టి, కాసేపు ఖాళీ దొరికితే ఆ చర్చి పన్ను సంగతి చదువుదామని ఫోను తీశాను. అక్కడి చర్చిల్లో సభ్యులుగా ఉన్నవాళ్ళే అది కట్టాలట. మాకు దానితో పనే లేదు. మా మతం అడిగినప్పుడు హిందువులమని నిజం రాస్తే పైసా పట్టుకోరు. అంటే నేను పెట్టిన టిక్కు తప్పు. తీసేసి చూశాను. ఆ కాస్త తేడాతో జర్మనీ పిసరంత పైకొచ్చింది.

దిద్దలేదు. ఫోను పక్కన పెట్టేశాను. చిన్న మొత్తమే కదా అనుకున్నాను. అంకెలు ఎవరికి గుర్తుంటాయిలే అనుకున్నాను. నేను పెట్టింది భక్తితో పెట్టిన టిక్కే కదా అని కూడా అనుకున్నాను. ఎంత తెలివో చూడండి! తొమ్మిదింటికి పాఠానికి కూర్చుని పాపకి తీసివేతలు సరిచూసుకునే పద్ధతి చెప్పాను, నా కూడికలు మాత్రం సరిచూసుకోలేదు.

శనివారం గడిచింది. ఆదివారం పొద్దున పూజలో కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే దేవుడు కనబడాలి, ఆ క్యాలెండర్ కాగితం కనబడింది. పైన నా చేత్తోనే రాసిన శ్రీరామ, కింద తెలిసి తెలిసీ ఉంచిన తప్పుడు లెక్క. చిన్నప్పుడు ఒకసారి నీటిమట్టం నేను చూసొస్తానని బయల్దేరి, ఎండకి బద్ధకించి, సగం దారిలోంచే వెనక్కొచ్చి నోటికొచ్చిన అంకె చెప్పాను. నాన్నగారు కోప్పడలేదు. "ఈ అంకె నమ్ముకుని కిందనెవరో చేలకి నీళ్ళు పెట్టుకుంటారమ్మా" అన్నారు, అంతే. నా చెయ్యి పట్టుకుని కొలబద్ద దాకా నడిపించుకెళ్ళారు. మంత్రం సగంలో ఆపి లేచాను.

మా వారు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాఫీ తాగుతున్నారు. ఎదురుగా కాగితం పరిచాను.

"ఏమండీ, లెక్క తప్పు."

"ఎక్కడ?"

"చర్చి పన్ను దగ్గర. మనకది లేదు. నేను అవునని పెట్టాను."

"చర్చి పన్నుకి అవునన్నావా? నువ్వా?"

"దేవుడికి ఇస్తావా అంటే కాదని ఎలా పెడతానండీ?"

ఆయన గ్లాసు కింద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇంకా నయం, మసీదుకీ గురుద్వారాకీ గడులు లేవు. జీతమంతా ఊడ్చి పెట్టేదానివి."

"నవ్వకండి. అసలు తప్పు అది కాదు. అది తప్పని నాకు మొన్న శుక్రవారమే తెలిసింది. తెలిసీ దిద్దలేదు."

నవ్వు ఆగింది. "ఎందుకు?"

"దిద్దితే జర్మనీయే మేలని తేలుతుంది. అక్కడ పాపని బడికి పంపి తీరాలట. ఇంట్లో చదివించకూడదట."

ఆయన గ్లాసు అంచు చుట్టూ వేలు తిప్పారు. తర్వాత నెమ్మదిగా, "ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసే" అన్నారు.

"ఏమిటీ?"

"స్నేహితుడు చెప్పాడు. నీకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. నేను చెబితే నిన్ను ఒప్పించడానికి చెప్పినట్టు ఉంటుంది. అందుకే లెక్క నీ చేతిలో పెట్టాను. నీ అంతట నీకే కనబడుతుంది, నీకు ఏది ఇష్టమైతే అదే చేద్దామని."

"అయితే వారం రోజులుగా మీరూ దాచారన్నమాట!"

"నువ్వు రెండు రోజులే. నాకంటే నయం."

ఒకరినొకరు చూసుకున్నాం. ఎవరు ముందు నవ్వారో గుర్తులేదు. నాకు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను, అవి ఏ రకం నీళ్ళో నేను అడగలేదు, ఆయనా అడగలేదు.

"నన్నెవ్వరూ అడగరా?" అని గుమ్మంలోంచి పాప. ఎప్పటి నుంచి నిలబడి వింటోందో.

"రా, నిన్నే అడుగుతున్నాం. బడికి వెళ్తావా?" అన్నారు మా వారు.

"అన్నం డబ్బా తీసుకెళ్ళాలా?"

"తీసుకెళ్ళచ్చు."

"గంట కొడ్తరా?"

"కొడతారనుకుంటా."

"అయితే వెళ్తా" అని వెంటనే అనేసి, నా మొహం చూసి దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నువ్వు మంచిగానే చెప్తావ్. కానీ మన క్లాసులో నేను ఒక్కదాన్నే కదా. ఎప్పుడూ నేనే ఫస్టు. ఎప్పుడూ నేనే లాస్టు. ఇంకెవరైనా ఉంటే తెలుస్తది కదా, నేనెక్కడున్నానో."

కాలువ గట్టు మీద లాకు దగ్గర ఒక్కదాన్నే కూర్చుని, దూరంగా బడికి వెళ్ళే పిల్లల సంచులు లెక్కపెట్టిన ఒక చిన్నపిల్ల నాకు తెలుసు. ఆ పిల్ల ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఈ పిల్ల చెప్పింది. చెప్పగలిగేలా పెరిగింది. అదీ ఆ బల్ల దగ్గరే. దానికే దేవుడికి ఎంత కృతజ్ఞత చెప్పుకున్నా చాలదు.

ఎర్ర పెన్సిల్ తీసుకుని చర్చి పన్ను కొట్టేశాను. కింద కొత్త మొత్తం వేశాను. మా వారు చూసి, "ఇక సంతకం పెట్టనా?" అన్నారు. "పెట్టండి" అన్నాను.

ఆ సాయంత్రం ముగ్గురం బండి మీద హిమాయత్ సాగర్ వెళ్ళాం. కట్ట మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు. ఉప్పూ నిమ్మకాయా రుద్దించుకుని తింటూ నీళ్ళ కేసి చూస్తూ కూర్చున్నాం. "మరి చర్చికి ఇద్దామనుకున్న డబ్బు?" అని ఆటపట్టించారు ఆయన. "మొదటి నెల జీతం రానివ్వండి, అక్కడ ఎవరి ఆకలికైనా ఇద్దాం. ఎవరూ పట్టుకోకుండా మనంతట మనం ఇచ్చేది కూడా కొంత ఉండాలిగా" అన్నాను. ఆయన పొత్తు తినడం ఆపి, సరే అన్నట్టు తలూపారు.

వీసాకి నెలలు పడుతుందన్నారు. ఈలోగా దానికి బడి అలవాటు కావాలని ఇక్కడే, మా ఇంటికి దగ్గర్లో ఉన్న బడిలో నాలుగో తరగతిలో చేర్చాం. మొదటి రోజు పులిహోర కలిపి మూడు అరల డబ్బాలో పెట్టాను. గేటు దగ్గర వదిలితే వెనక్కి తిరిగి చూస్తుందని నిలబడ్డాను. చూడలేదు. ఎంత త్వరగా వెళ్ళిపోయిందంటే, చెప్పాలనుకున్న జాగ్రత్తలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

ఇంటికొచ్చేసరికి తొమ్మిది. ఏం చేయాలో తెలియక బల్ల తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను. అక్క పైకొచ్చి నన్ను చూసి, "ఇగ ఏం జేస్తవ్ చెల్లె, నౌకరి పోయింది నీది" అంది. "మా బర్రెకు చదువు చెప్తవా? మొత్తుకున్నా మాట ఇంటలేదది."

"జీతం ఎంతిస్తావక్కా?"

"పాలు ఫ్రీ."

ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. నాకు కూడా వీసా కోసం జర్మన్ పరీక్ష రాయాల్సి ఉంది. ఒక చేత్తో చిక్కుడుకాయ, ఇంకో చేత్తో పుస్తకం. అక్క నాతోపాటు ఒకటి నుంచి పది దాకా నేర్చేసుకుంది, నాకంటే ముందే.

నాలుగింటికి పాప వచ్చింది. జడ ఊడిపోయింది, బూటుకి లేసు లేదు, డబ్బా ఖాళీ. సంచి విసిరేసి, మొహం ఎర్రగా చేసుకుని, "అమ్మా, నీకు తెలుసా? టీచర్ నా ఒక్కదానికే చెప్పదు! నలభై మందికి కలిపి చెప్తది!" అంది. ఇంత అన్యాయం ప్రపంచంలో ఎక్కడా లేదన్నట్టు.

"మరి నువ్వేం చేశావు?"

"చెయ్యి ఎత్తిన. మూడు ప్రశ్నలడిగిన. రేపు చెప్తా, టైం లేదు అంది. నా పులిహోర అందరూ తిన్నారు. నేను ఎవరివో బజ్జీలు తిన్నా." గబగబా వచ్చి బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుంది. "నువ్వు చెప్పు. మొదటిది, చెట్లు రాత్రి పూట కూడా పెరుగుతాయా?"

నేను ఎదురుగా కూర్చున్నాను. అంత సంతోషంతో ఏ పాఠమూ చెప్పినట్టు గుర్తులేదు. వేర్లు, ఆకులు, వెలుతురు, బొమ్మ గీసి చెప్పాను. రెండో ప్రశ్న కూడా అడిగింది, సముద్రం ఉప్పగా ఉంటే వాన ఎందుకు తియ్యగా ఉంటుందని. బావుంది ప్రశ్న, ఆవిరి దగ్గర మొదలుపెట్టాను.

అంతలో కింద గేటు దగ్గర ఎవరో పిల్ల దాని పేరు పెట్టి పిలిచింది. మా పాప పేరు నేనూ వాళ్ళ నాన్నా కాకుండా ఇంకో చిన్న గొంతు అంత గట్టిగా పిలవడం నేను వినడం అదే మొదలు. పాప కిటికీలోంచి తొంగి చూసి గంతేసింది.

"నా పక్క బెంచీ! వెనక గల్లీనేనట! అమ్మా, మిగతాది తర్వాత చెప్తావా?"

"వాన సగంలో ఉంది కదే."

"వచ్చాక!" అప్పటికే మెట్ల మీద ఉంది.

కింద ఇద్దరూ ఏదో చెప్పుకుంటూ పరిగెత్తుతున్న చప్పుడు వినబడింది. నేను పెన్సిలు బల్ల మీద పెట్టాను. తర్వాత, వచ్చాక అడుగుతుంది కదా అని, పుస్తకం తీసి ఆవిరి సంగతి ఇంకోసారి సరిచూసుకున్నాను.